ఉప్పునీళ్ల తుప్పు

పెర్కిట్

గంగాదాస్ అన్నకు నీ చెల్లె రాస్తున్నది.

ఫోన్ల చెప్తే నవ్వుతున్నవని కాయిదం మీద రాస్తున్న. నాకు పాత చాకులు పంపుడు ఇగ బంద్ చెయ్యి. రైతులు జేబుల పెట్టుకునే మడత చాకులు నేను జమ చేస్తున్న మాట నిజమే. గని నువ్వు నిన్న పంపిన "నిజాం జమానా" చాకు పిడికి ఇప్పటి కాలం ప్లస్ గుర్తు స్క్రూలున్నయి. తడిబట్టతోని తుడిస్తే తుప్పంత పోయింది. వదినెను అడిగితే, "నిన్ను సంబరపెట్టాలని ఉప్పునీళ్లల్ల నానబెట్టిండు" అన్నది. ఇంకెన్నిసార్లు అన్నా గిట్ల?

మొన్న ఆర్మూర్ మార్కెట్ల పసుపు బస్తా కుట్టు కొయ్యనీకి నువ్వు జేబులకెళ్లి తీసిన చాకు చూసి నా పానం లేచొచ్చింది. కొమ్ము పిడి, ఇత్తడి మేకులు, అరిగి సగమైన బ్లేడు. అది మన తాతదే అయ్యుండాలె. "జర చూపియ్యి" అంటే, "దీన్నా? రోజూ వాడేది పాతదెట్లయితది?" అని మడిచి జేబుల పెట్టుకున్నవ్.

ఐతారం ఆలూర్ వస్తున్న. దాన్ని నాకియ్యకు, నీ దగ్గర్నే ఉండనియ్యి. బ్లేడు మొదట్ల చేసినోళ్ల గుర్తేమన్న ఉంటే ఎండల పెట్టి చూసి, ఏ కాలందో తెలుసుకుంట, గంతే. చెల్లె వస్తుందని మాత్రం దాన్ని సానబట్టి మెరిపియ్యకు. నీకు దండం పెడ్త.