ఓడిపోయాం అన్న మాట

హైదరాబాదు నుండి

ప్రియమైన అక్క మరియమ్మకు తమ్ముడు దావీదు ప్రభువు పేరట వందనాలు చేసి, ఎవరిచేతా రాయించకుండా తన చేత్తోనే రాసుకుంటున్న ఉత్తరం. నేను ఇక్కడ ప్రాణంతో, ఒంటి మీద బట్టతో క్షేమంగా ఉన్నాను. అక్కడ నువ్వు, నీ మోకాళ్ళు, మేనల్లుడు యోహాను, కోడలు, పిల్లలు, గేదె అందరూ క్షేమమని తలుస్తాను.

ఈ ఉత్తరం యోహాను చేతే చదివించు. వాడు మధ్యలో ఆపేస్తే ఊరుకోకు. చివరిదాకా చదవమను.

ఇక్కడ చలి మొదలైంది. గేటు పక్క గది నాకే ఇచ్చారు. దుప్పటి ఇచ్చారు. అన్నానికి లోటు లేదు, చేపల పులుసు మాత్రం వీళ్ళకు పెట్టడం రాదు. ఆదివారం గుడికి వెళుతున్నాను. పాటలు మనవే, పాడే గొంతులు వేరు. ప్రార్థన అయ్యాక ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు. నాతో మాట్లాడేవాళ్ళు తక్కువ. నేనూ తక్కువే మాట్లాడతానని నీకు తెలుసు. బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు.

పని గేటు కాయడం, మొక్కలకు నీళ్ళు పెట్టడం, లాయరుగారి పుస్తకాల గది దులపడం. ఆయనది రాజోలు వైపు. గోడలన్నీ పుస్తకాలే. వాటిలో నాలుగు పాత తోలు పుస్తకాలు ఉన్నాయి. పట్టుకుంటే తోలు ఎర్రటి పొడిలా చేతికి అంటుకుంటుంది. ఇంగ్లీషు దొర ఒకాయన తన దేశపు చట్టమంతా కూర్చి రాసినవట. అక్కడ చట్టం ముందు జనం వాడుకలోనే ఉండేదట. ఇప్పటికీ మన కోర్టుల్లో పెద్ద లాయర్లు ఆ పుస్తకం పేరు చెబుతారట.

పోయిన వారం ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. మధ్యగోడ తగువు. వరండాలోనే మాట మీద మాట పెరిగింది. తమ్ముడు మొక్కల చుట్టూ పాతిన ఇటుక పీకి అన్న నెత్తిన కొట్టాడు. పడ్డవాడి ముఖం మీద మళ్ళీ కొట్టాడు. పళ్ళు ఊడి మెట్ల మీద పడ్డాయి. నేను వెనక నుంచి వాడి నడుం పట్టుకున్నాను. నా ఎడమ చెయ్యి సాగదు కదా, కుడి చేత్తోనే పట్టుకున్నాను. వాడు నా మణికట్టు కొరికాడు. అది మానిపోయింది, బెంగ పెట్టుకోకు. దెబ్బ తిన్నవాణ్ణి ఆటోలో ఆసుపత్రికి పంపారు, కొట్టినవాణ్ణి పోలీసులు తీసుకుపోయారు. నేను మెట్లు కడిగాను. రక్తం ఇసుకలో ఇంకినట్టు గచ్చులో ఇంకదు అక్కా. ఎన్ని నీళ్ళు పోసినా సందుల్లో ఉండిపోయింది.

తర్వాత లాయరుగారు ఆ తోలు పుస్తకం ఒకటి తీయించుకుని కూర్చున్నారు.

"దావీదూ, మనవాళ్ళు గట్టు కోసం కొట్టుకుంటే మోటు మనుషులంటారు. దొరలు జడ్జీ ఎదురుగా కొట్టుకుంటే అది చట్టమయ్యా! ఇందులో రాసి ఉంది" అన్నారు.

"జడ్జీగారి ఎదురుగానాండీ?" అన్నాను.

"ఆయ్, ఎదురుగానే. భూమి ఎవరిదో తేలకపోతే బరి గీసేవారు. ఇటొకడు, అటొకడు. కాళ్ళకి ఎర్ర చెప్పులు, మోకాళ్ళ కింద బట్ట లేదు, నెత్తికి పాగా లేదు. చేతిలో కర్ర, తోలు డాలు. మంత్రం తంత్రం ఏమీ చేయించుకు రాలేదని ప్రమాణం చేసి మరీ కొట్టుకునేవారు, ఆకాశంలో చుక్కలు పొడిచేదాకా."

"ఆ కర్ర పట్టేది భూమి గలవారేనాండీ?"

"కాదయ్యా, మనుషుల్ని పెట్టుకునేవారు."

"అదేంటండీ, వాళ్ళకి చేతుల్లేవాండీ?"

ఆయన నవ్వేరు. "చేతులున్నాయి. ప్రాణం కూడా ఉంది, అదే వచ్చిన చిక్కు. భూమి గలవాడు చచ్చిపోతే దావా కూడా వాడితోనే పోద్ది. అందుకని చావడానికి వేరేవాడు ఉండాలి. అదీ రాసేడు దొర."

నేను దులిపే గుడ్డ పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

యోహానూ, ఇక్కడి నుంచి నీకు రాస్తున్నాను. అమ్మ వినాలి, గట్టిగా చదువు.

ఆ రోజు మన సత్యం ఎలా పోయాడని నువ్వు అడిగినప్పుడల్లా లేచి ఏటి ఒడ్డుకు పోయేవాణ్ణి. నా కొడుకు గురించి నేను నోటితో చెప్పలేను. రాస్తాను. గోదావరి వరద తీసి ఏట్లో కొత్త ఇసుక మేట పడితే ముందు ఎవరి పాకలో పొయ్యి వెలుగుతుందో ఆ మేట వాళ్ళదని మన లంకల వాడుక. మన కామందుగారు తన మేట కోసం పంపితే నేనూ సత్యమూ పడవ మీద వెళ్ళి పాక వేశాం. పొయ్యి వెలిగించాం. అన్నం ఉడుకుతోంది. అవతలి ఒడ్డు నుంచి ఆ ఒడ్డు కామందు మనుషులు దిగారు. వాళ్ళూ మనలాంటి కూలోళ్ళే. ఒకడు గతంలో నాతో పొగాకు కోతకు వచ్చినవాడు. "దావీదూ, పొయ్యి ఆర్పేయరా, నీకు దణ్ణం పెడతాను" అన్నాడు. సత్యం "నీ అబ్బ ఇసకేటిరా?" అని కర్ర తీశాడు. ఆ దెబ్బకు దణ్ణం పెడతానన్నవాడి చెవి తెగి వేలాడింది. నా మోచెయ్యి విరిగింది. బల్లెం సత్యం పొట్టలో దిగి వీపు దాకా వచ్చింది. పొడిచినవాడు పీకబోయాడు, రాలేదు. సత్యం ఆ బల్లెం కర్రను రెండు చేతులా పట్టుకుని, వదలరా, వదలరా అంటున్నాడు. వాడు భయపడి వదిలేసి ఏడుస్తూ పరిగెత్తాడు. సత్యం పొయ్యి మీదే పడ్డాడు. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. నేను లాగాను.

మన కామందు ఈ గట్టు మీద, ఆ కామందు ఆ గట్టు మీద కుర్చీలు వేయించుకుని చూస్తున్నారు. ఆ ఇద్దరి మీదా ఇసుక కూడా పడలేదు. ఆ తర్వాత అమలాపురంలో ఒక పెళ్ళిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని భోంచేశారు. విస్తళ్ళు తీసింది నేనే.

ఇప్పుడు మళ్ళీ ఇసుక పడిందని, కామందుగారు నిన్ను పాక వేయమన్నారని, ఆ పుస్తకం సంగతి విన్న రాత్రే మన పేట నుంచి పనికి వచ్చిన ప్రసాదు చెప్పాడు. "యోహానేటండీ బాబూ, బల్లెం నూరిస్తన్నాడు. సత్యం బావ రగతం ఆ ఇసకలోనే ఉంది, ఈసారి ఆళ్ళ పీకలు కోసే వస్తానంటన్నాడు" అన్నాడు.

మర్నాడు నేనే లాయరుగారిని అడిగాను. బరిలో దిగితే చచ్చేదాకా కొట్టుకోవలసిందేనాండీ, మధ్యలో ఆగడానికి దారి లేదాండీ అని. ఆయన మాట కదపకుండా నేనే నోరు తెరిచి అడగడం అదే మొదలు. ఉందన్నారు. దెబ్బలు తినేవాడు ఒక్క మాట అంటే చాలు, కొట్టేవాడు ఆగాలి. ఓడిపోయాను అని. "కానీ దావీదూ, ఆ మాటన్నవాడు బతికినా మనిషి కింద లెక్కకు రాడు. సాక్ష్యానికి పనికిరాడు, నలుగురిలో పరువుండదు" అన్నారు.

"బతుకుతాడు కదండీ" అన్నాను.

ఆయన పుస్తకం మూసి నా చేతికిచ్చారు.

యోహానూ, ఆ మాట నీ నోట రాదు. నీది నీ అమ్మ పౌరుషం. అందుకని నేనే అనేశాను. మొన్న రెండు కార్డులు వేశాను. ఒకటి మన కామందుగారికి, ఒకటి అవతలి ఒడ్డు కూలోళ్ళ పేటకు. "మేము ఓడిపోయాం. మా ఇంటివాడెవడూ ఇక ఇసుక మీద పొయ్యి వెలిగించడు. నా కొడుకు రక్తానికి మాకు ఎవరి మీదా పగ లేదు. దావీదు" అని పెద్ద అక్షరాలతో రాశాను. కవరులో పెట్టలేదు. పోస్టుమేను చదవాలి, టీ కొట్టు దగ్గర చదవాలి, రెండు ఒడ్లూ చదవాలి. ఈపాటికి చదివే ఉంటారు. నిన్ను చూసి నవ్వే ఉంటారు. ఆడంగులని, చీర కట్టుకోమని అంటారు. ముసలాడు పట్నం పోయి పిరికి మందు తాగాడంటారు. నన్ను తిట్టుకో. నా ముఖం మీద ఉమ్మెయ్యి. ఎదురుగా వచ్చి ఉమ్మెయ్యి.

లాయరుగారి పుస్తకాలకు కొత్త తోలు వేసే షాపులో మనిషి కావాలట. నీ కోసం మాట్లాడి ఉంచాను. నా గదిలో చాప వేసుకోవచ్చు.

అక్కా, కోపగించుకోకు. కొడుకు పరువు తీశానని ఏడిస్తే ఏడువు, వాడు ప్రాణాలతో ఉంటే చాలు. పెద్దమ్మకు, సంఘ పెద్దలకు, పడవ సరంగుగారికి నా వందనాలు చెప్పు. కోడలికి, పిల్లలకు దీవెనలు. నువ్వు పెద్దదానివి, నీ చెయ్యి నా నెత్తి మీద ఉన్నట్టే తలచుకుని పడుకుంటాను, నా కోసం ప్రార్థన చెయ్యి. నేను బాగానే ఉన్నాను.

ఇక్కడ దొరికే ఎండు రొయ్యలు బాగుండవు. కాసిని మూట కట్టి పంపు. పార్సెలు చేయకు, ఊరివాళ్ళెవరికీ ఇవ్వకు. యోహాను చేతికే ఇచ్చి పంపు.

ఇట్లు,
నీ తమ్ముడు
దావీదు