మిరుగం నాటి చేపల పులుసు

మిరుగం (మృగశిర కార్తె) నాడు రాత్రి, 1961

గోదారి నడుమ మా గడ్డ చుట్టూ చేపలు కరువైనయని, ఇంటికి ఒక్క గంపే, పిల్లచేపలు మళ్ళ నీళ్ళలకే అని సంఘం పెద్దగ నేనే కట్టుబాటు జేసిన. ఇయ్యాల అందరి గంపలు ఎతికి పిల్లచేపలను ఇడిపిచ్చిన. "మిరుగం నాడు గూడ చేప తిననియ్యవా?" అని మల్లయ్య మొత్తుకున్నడు. "పెరగనియ్యి" అన్న, జర గట్టిగనే.

ఇంటికొస్తే గిన్నె నిండ పిల్లచేపల పులుసు!

"ఇవి ఏడికెళ్ళి వచ్చినయే అవ్వా?"

"నువ్వు ఏటికి పైన ఇడిసినవ్, నేను కింద వల వట్టిన."

"ఎవలన్న చూసిండ్రా?"

"చూసుడేంది? ఊళ్ళె అవ్వలందరు ఆడనే ఉండిరి. నువ్వు ఆలస్యం జేస్తున్నవని తిట్టిండ్రు."

వచ్చే మిరుగానికి చేపలుంటయో, ఉండయో... రెండోసారి పులుసు మాత్రం నేను అడగలే. అవ్వనే పోసింది.