ఆటపెట్టెలో మన పొలం

అక్కకు సాయిలు దండాలు పెట్టి రాస్తున్నాను. నేను ఇక్కడ మంచిగానే ఉన్నాను. నువ్వు, బావ, అవ్వ కూడా మంచిగా ఉన్నారనుకునే కలం పట్టాను. అవ్వ మోకాళ్ల నొప్పులు ఎట్లున్నాయి? రోజూ నూనె రాస్తున్నావా, లేక "రాస్త తియ్యే" అని చెప్పి షాపులోకి జారుకుంటున్నావా? బావ దగ్గు తగ్గిందా? నా గురించి మాత్రం ఫికర్ పెట్టుకోకు. వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను, ఒంట్లో బాగుంది.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని అవ్వ అడుగుతుంది. నువ్వే అడిగావని చెప్పు. మొన్న ఫోన్‌లో ఏమన్నావు? "గీ ఆటపెట్టె సంగతి తేల్చి రాసి పంపు. ఫోన్ల చెప్తే మీ బావ నవ్వి దాటేస్తడు. కాయితం మీద ఉంటే ఆయన ముందట పెడ్త" అన్నావు. జిరాక్స్ షాపు నడిపేదానివి, కాగితం మీద ఉంటేనే నీకు నమ్మకం. హన్మాండ్లు అన్న వచ్చే వారం సెలవు మీద ఊరికి వస్తున్నాడు. అదే, నా గదిలో ఉండే జుక్కల్ ఆయన. బాన్సువాడలో బస్సు మారేటప్పుడు షాపుకు వచ్చి ఈ ఉత్తరం ఇస్తాడు. చాయ్ తాగించకుండా పంపకు.

మస్కట్‌లో ఎండలు ముదిరాయి. పొద్దున చొక్కా వేసుకుంటే మధ్యాహ్నానికి దాని మీద ఉప్పు చారలు పడుతున్నాయి. పని పాతదే, రోడ్ల పక్క మొక్కలకు నీళ్లు పెట్టడం. సన్నటి నల్ల పైపులు మొక్క మొక్కకూ పోతాయి, వాటి రంధ్రాలు మూసుకుపోతే సూదితో పొడిచి తెరవాలి. నిజాంసాగర్ కాలువ నీళ్లు పారతో మడి మడికీ మళ్లించినవాణ్ణి, ఇక్కడ చుక్క చుక్క లెక్కన తాగిస్తున్నాను. నాయిన ఉంటే చూసి ఎంత నవ్వేవాడో. ఎండ గట్టిగా ఉన్న వేళ పని ఆపి నీడకు పొమ్మంటారు. నీడ ఏదక్కా? మేం పెట్టిన మొక్కలు ఇంకా మోకాలెత్తు రాలేదు. ఇక నీళ్ల లారీ కిందికి దూరాలి. అందరూ దూరుతారు. నాకు అందులో వంగి కూర్చోవాలంటే చిరాకు, ఎండలోనే నిలబడి పైపులు చూసుకుంటాను. ఈ మాట అవ్వకు చదివి వినిపించకు, కన్నతల్లి తట్టుకోలేదు.

తిండి గురించి అడిగావు. మెస్సులో పప్పు ఉంటుంది, పప్పులో పప్పును వెతుక్కోవాలి. దుకాణంలో ఖుబ్బూస్ అని రొట్టె దొరుకుతుంది, మెత్తగా దూదిలా ఉంటుంది, ఎన్ని తిన్నా తిన్నట్టే ఉండదు. పొయ్యి మీది నుంచి అప్పుడే తీసిన జొన్న రొట్టె, పక్కన మామిడికాయ తొక్కు యాదికొస్తే నోట్లో నీళ్లు, కంట్లో నీళ్లు రెండూ వస్తాయి. హన్మాండ్లు అన్న తిరిగి వచ్చేటప్పుడు కొంచెం జొన్న పిండి, తొక్కు పంపు. నువ్వుల పొడి కూడా. బరువు ఎక్కువని ఆయన గునుగుతాడు, పట్టించుకోకు.

ఇక ఆటపెట్టె సంగతి.

కరెంటు హెచ్చుతగ్గులకు నీ షాపు కంప్యూటర్ కాలిపోయిందని నువ్వు ఏడ్చిన రోజు, నా దగ్గర ఉన్నది అదొక్కటే, అదే నీకు పంపాను. చేతిలో పట్టుకుని ఆడుకునే వస్తువే అయినా లోపల మొత్తం కంప్యూటరే ఉంది. ఆట మూసి మీట నొక్కితే మామూలు కంప్యూటర్ తెర వస్తుంది. తీగ పెట్టి పెద్ద తెరకు కలిపి, టైపు చేసే పలక, ప్రింటర్ తగిలిస్తే హాల్‌టికెట్లు తీయొచ్చు, అప్లికేషన్లు నింపొచ్చు, పహాణీలు తీయొచ్చు. ఇన్ని రోజులూ తీశావు కూడా. కానీ బావ మధ్యాహ్నం పూట షాపులో కూర్చుని, పని తెర మూసి ఆట తెరిచి బొమ్మను తిప్పుతున్నాడని నీ బాధ. చెరుకు బండ్లు లేని రోజులు కదా, ట్రాక్టర్ ఇంటి ముందు, బావ తెర ముందు. ఆ తండా అమ్మాయి ఆఖరి రోజు అప్లికేషన్ పట్టుకుని ఉరికొస్తే, "జర ఆగు బిడ్డా, ఒక్క నిమిషం" అన్నాడట. పాపం ఆ పిల్ల ఆగలేక ఎదురు షాపుకు పోయి నింపుకుందట. నీకు తల కొట్టేసినట్టయిందన్నావు. నాకూ అట్లే అయింది.

ఈ విషయం మా గదిలో పెడితే పెద్ద పంచాయితీ అయింది. పక్క మంచం కేరళ అతను, ఆడుకునేది ఆడుకోవడానికే ఉండాలన్నాడు. పనిని కూడా అందులోకి తెస్తే మనిషికి పని నుంచి తప్పించుకునే చోటే మిగలదని ఆయన వాదన. హన్మాండ్లు అన్న ఒప్పుకోలేదు. "మా జుక్కల్ల ఒక్కటే నోరు ఇంట్ల తెలుగు, సంతల మరాఠీ, చుట్టాల కాడ కన్నడం మాట్లాడ్తది. నోరేమన్న ఖరాబైందా?" అన్నాడు. ఇద్దరి మాటా నిజమే అనిపించింది. చివరికి నాకు గుర్తున్నది నీ మాటే. "రెంటికి చెడ్డ రేవడి లెక్కైంది గీ పెట్టె" అన్నావు కదా. ఆ మాట నాకెక్కడో తగిలింది. ఇక్కడ అందరూ నన్ను ఊరోడంటారు. సెలవు మీద అక్కడికొస్తే, ఉండేది మస్కట్ అని ఎన్నిసార్లు చెప్పినా దుబాయోడు అంటారు.

సరే, తేల్చమన్నావు కాబట్టి తేలుస్తున్నాను. ఆటను తీసెయ్. అందులో ఒక పొలం ఆట ఉంది, దాన్ని మొత్తానికే తీసెయ్. ఒకసారి తీసేస్తే మళ్లీ రాదు, రాకపోతే మానె. నేను సెలవు రోజని శుక్రవారాలన్నీ కూర్చుని చేసిన పొలం అందులో ఉంది, ఉంటే ఏమైంది. షాపు నడవాలి, ఇల్లు నడవాలి. బావకు ఈ కాగితం చూపించు, బామ్మర్ది చెప్పాడని చెప్పు.

*

అక్కా, పైదంతా పోయిన శుక్రవారం రాసింది. మడిచి దిండు కింద పెట్టాను. మధ్యలో బావ ఫోన్ చేశాడు. పైన రాసింది కొట్టెయ్యను, అట్లే ఉండనీ. ఇక్కడి నుంచి మాత్రం నువ్వొక్కదానివే చదువు. షాపులో చదవకు, లోపలికి పోయి చదువు.

నువ్వు కూరగాయలకు పోయిన వేళ చూసి చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడుతుంటే నేను భయపడ్డాను, అవ్వకేమైనా అయిందేమోనని. "బామ్మర్దీ, గా ఆట తీసెయ్యమని రాస్తున్నవట. రాయకు. నేను ఆడుతలేనురా, మీ అవ్వ ఆడిపిస్తుంది" అన్నాడు. నేను నవ్వాను. బావ నవ్వలేదు.

సంగతి ఇది. మొదట్లో ఒక రోజు బావ అందులో ఏముందో చూద్దామని ఆట తెరిచాడట. అవ్వ వెనక గోడకు ఆనుకుని స్టూలు మీద కూర్చుని ఉంది. తెర మీద ఎర్ర అంగీ వేసుకున్న బొమ్మ, దాని మీద పేరు. ఏం రాసి ఉందని అడిగితే సాయిలు అని చదివి చెప్పాడు బావ. అవ్వ స్టూలు ముందుకు జరుపుకుని చాలాసేపు చూసి, "గిది మన తూము కాడి మడి కాదా" అందట. అక్కా, అది తూము కాడి మడే. బీర్కూర్‌లో మన పొలం ఎట్లుందో అట్లే చేశాను. అందులో తూము, కాలువ గట్టు, మోటారు షెడ్డు, గట్టు మీద తుమ్మ చెట్టు అన్నీ ఉన్నాయి. కౌలుకిచ్చాక మనం ఆ పక్కకు పోవడం తగ్గింది కదా. రెండో తూము ఏ పక్కనుందో మరిచిపోతానేమోనని ఒక శుక్రవారం మొదలుపెట్టాను, ఆగలేకపోయాను. నేను తప్పు చేయలేదన్నమాట, అవ్వ గుర్తుపట్టింది.

తర్వాత అవ్వ అన్న మాట కూడా బావ చెప్పాడు. "పిల్లగాడు ఎండల నిలబడ్డడు. జర నీడకు జరుపు బిడ్డా" అందట. బావ బొమ్మను తుమ్మ చెట్టు కిందికి జరిపాడు. ఆ రోజు నుంచి రోజూ ఇదే. మధ్యాహ్నం నువ్వు వంటలో ఉన్నప్పుడు అవ్వ గోడ పట్టుకుంటూ వచ్చి కూర్చుంటుందట. తిన్నాడా అని అడుగుతుందట. ఆటలో తినడానికి బన్నులాంటి రొట్టె ఒక్కటే ఉంది. జొన్న రొట్టె లేదా అండ్ల, గదే తింటుండా పాపం అని మొఖం చిన్నబుచ్చుకుందట.

ఆ ఆటలో ఇంకో సంగతి ఉంది. పొద్దు గూకేలోపు మనిషిని మంచం మీద పడుకోబెట్టాలి, లేకుంటే పొలంలోనే పడిపోతాడు. పడుకోబెడితేనే ఆ రోజు చేసిన పని నిలుస్తుంది. తండా అమ్మాయి వచ్చినప్పుడు తెరలో పొద్దు గూకుతోందట. బావ మూసేయబోతే అవ్వ చెయ్యి పట్టుకుని, పండబెట్టినంక మూయమందట. ఇల్లు దూరం, బొమ్మ నడక మెల్లగా. ఆ నిమిషం ఎవరి కోసమో ఇప్పుడు తెలిసింది కదా. నువ్వు తిట్టిన తిట్లన్నీ బావ తల వంచుకుని పడ్డాడు. నాతో కూడా ఇన్ని రోజులూ ఒక్క మాట అనలేదు.

నీకెందుకు చెప్పలేదని అడిగాను. అవ్వ వద్దందట. వీడియో కాల్ చేసినప్పుడల్లా నన్ను చూసి ఏడుస్తుందని నువ్వు కోప్పడ్డావు కదా, ఇది తెలిస్తే ముసలిదానికి మతి తప్పిందని నువ్వు దవాఖానకు తీసుకుపోతావని భయమట. అవ్వ ఆ బొమ్మను నిజంగానే నేనే అనుకుంటుందా అని బావను అడిగాను, నాకూ ఆ భయం పట్టుకుంది. బావ కూడా అదే అడిగాడట. దానికి అవ్వ, "నాకెర్క లేదా బిడ్డా, గది బొమ్మనే. బొమ్మైతె ఏంది, ఎండ ఎండనే గద" అందట.

ఫోన్ పెట్టేసి స్నానాల గదిలోకి పోయి నల్లా తిప్పుకుని ఏడ్చాను. నీ దగ్గర దాచుకునేది ఏముంది. నాకు అవ్వ కావాలనిపించింది. నీ తిట్లు కావాలనిపించింది. బావతో కలిసి కాలువ గట్టు మీద బండి మీద పోవాలనిపించింది. ఆటపెట్టె నీకు పంపినప్పటి నుంచి శుక్రవారం అంటేనే నాకు భయంగా ఉంది, తెల్లారి లేచి ఏం చేయాలో తెలియదు. నా పొలాన్ని నేను వదిలేశాననుకుని దిగులుపడ్డాను. అక్కడ అవ్వ, బావ రోజూ దానికి నీళ్లు పెడుతున్నారట, నాట్లు కూడా అయ్యాయట.

ఆటను తీసెయ్యకు అక్కా. బతిమిలాడుతున్నాను. నీ షాపుకు కంప్యూటర్ కావాలి, అవ్వకు పొలం కావాలి, పెట్టె ఒక్కటే ఉంది. రెండు పనులూ చేయనీ. గిరాకీ వస్తే మాత్రం ఆట ఆగాలి, అందులో నీదే పైచేయి. మోటారు షెడ్డులో కూడా ఒక మంచం వేశాను, బావకు తెలిసినట్టు లేదు. ఎవరైనా వస్తున్నట్టు కనిపిస్తే బొమ్మను షెడ్డులోకి తోలి అక్కడ పడుకోబెట్టమను, రెండడుగులే. బీర్కూర్ బస్సు పోయాక షాపు ఖాళీగా ఉంటుంది కదా, ఆ కాసేపు అవ్వకు వదిలెయ్. ఆ తండా అమ్మాయి మళ్లీ వస్తే అందరికంటే ముందు ఆమె పని చేసిపెట్టు.

అవ్వను ఏమీ అనకు. నీకు తెలిసిందని నోటితో చెప్పకు, మెల్లగా అవ్వకే అర్థమవుతుంది. ఒక రోజు నువ్వే పోయి పక్కన కూర్చో, బావను చాయ్‌కి తోలి మీటలు నువ్వు పట్టు. కాలువ అవతల ఒక బర్రె కనిపిస్తుంది, దాని పేరు చదివి కోపం తెచ్చుకోకు. సుజాత అని నీ పేరు పెట్టినప్పుడు అది నీ చేతికే పోతుందని నేను కల గన్నానా? మంచి బర్రె, పొడవదు, అరవడం మాత్రం ఎక్కువ.

బీర్కూర్ పెద్దనాయినకు, పెద్దమ్మకు నా దండాలు చెప్పు. పక్కింటి వాళ్లను అడిగినట్టు చెప్పు. బావకు మాత్రం దండం కాదు, కాళ్లు మొక్కుతున్నానని చెప్పు, ఎగతాళి కాదని కూడా చెప్పు. అవ్వను నా తల మీద చెయ్యి పెట్టినట్టే అనుకుని ఒకసారి దీవించమను. సెలవు ఎప్పుడని ఇంకా తెలియదు, తెలిసిన గడియలోనే ఫోన్ చేస్తాను. అంతవరకు ఫికర్ చేయకండి, నేను మంచిగానే ఉన్నాను.

మీ అందరి చల్లని చూపు కోరే
నీ తమ్ముడు
సాయిలు

ఇంకొక మాట. నిన్న మధ్యాహ్నం పని ఆపమనగానే అందరికంటే ముందు నేనే లారీ కిందికి దూరాను. హన్మాండ్లు అన్న ఆశ్చర్యపోయి ఏందిరా అని అడిగాడు. ఎండ కదా అన్నాను. ఇది మాత్రం అవ్వకు గట్టిగా చదివి వినిపించు అక్కా, పిల్లగాడు నీడకు జరిగిండని చెప్పు.