అడుగున వెతికే యంత్రం

తమ్మీ అన్వేష్,

ఓడ దిగినంక అందుతదని మీ ఆఫీసు అడ్రసుకు రాస్తున్న.

శామీర్‌పేట చెరువుల తెప్ప బోల్తపడి మీ బావ మునిగిన మూడోనాడు, "అడుగున ఏం కనవడ్తలేదమ్మా" అని గజ ఈతగాళ్లు చేతులెత్తేసిన్రు. గందుకే సముద్రం అడుగున కెమెరాతోని వెతికే మీ యంత్రం తెమ్మని ఫోన్ల నిన్ను తిట్టిన. "నడిసముద్రంల ఉన్న అక్కా, ఎట్ల తేవాలె" అని నువ్వు ఏడ్శినవు. మనసుల వెట్టుకోకు. తెల్లారి బావే తేలిండు. నువ్వొచ్చేదాంక ఆపలేక దహనం చేసినం.

వచ్చే నెల మనుషులు కూసునే యంత్రంల నువ్వే కిందికి దిగుతవని అమ్మ చెప్పింది. వద్దంటే నీ కొలువు పోతది. పొమ్మనేతందుకు నాకు నోరొస్తలేదు. పైకి రాంగనే ఒక్క ఫోన్ చెయ్యి, బిడ్డా.

మీ అక్క