ఖాళీ గదిని లెక్కపెట్టిన దొరగారికి

తనిఖీ అధికారి గారికి,

మొన్న మీరొచ్చిన బడిలో గంట కొట్టే ముసలివాణ్ణి. నేను బడిలో చదువుకోలేదు. ముప్పై ఏళ్లుగా నల్లబల్లలు తుడుస్తూ, తుడిచే ముందు చదివి నేర్చుకున్నాను. కాబట్టి మీ ఆర్డరు నాకు బాగానే అర్థమైంది. 'పదో తరగతి గది ఖాళీ. తరగతి వెంటనే ఎత్తివేయాలి.'

గది ఖాళీయే. ఎందుకని నోరు విప్పి అడిగారా? మా బడిలో ఒకరు రాకపోతే తరగతి మొత్తం వాళ్లింటికి వెళ్లి వెంటబెట్టుకొస్తుంది. ఏడాది మొదట్లో చేరిన పదకొండు మందీ మొన్నటిదాకా ఉన్నారంటే ఆ నడక చలవే. హెడ్మాస్టరు గారూ వెళ్తారు. మోకాళ్ల నొప్పి కదా, దారి పొడుగునా అందర్నీ తిడుతూనే వెళ్తారు, అది వేరే కథ.

ఆ రోజు రానిది మేకల కాపరి కూతురు. "పదో తరగతి చదివి మేకలకి పాఠాలు చెప్తుందా?" అన్నాడట తండ్రి.

"ముందు నీకు చెప్తుందిలే మామా, పంపు!" అన్నారట పిల్లలు. నవ్వి పంపాడు.

పదిన్నరకి పదకొండు మందీ బెంచీల మీద ఉన్నారు. మీ జీపు పదీ ఇరవైకే వెళ్లిపోయింది. "కాసేపు కూర్చోండయ్యా, వచ్చేస్తారు" అని నేను బతిమాలితే, "నీ గంట నువ్వు కొట్టుకో" అన్నారు తమరు.

పరీక్షలు మూడు నెలల్లో ఉన్నాయి. ఇక పదో తరగతంటే పద్నాలుగు కిలోమీటర్ల అవతలే. అంత దూరం పంపనని ఆ తండ్రి నిన్న పిల్లను మేకల వెంట తోలాడు. పిల్లను తీసుకురావడం మాకు చేతనవును. తీసుకొచ్చి ఎక్కడ కూర్చోబెట్టాలో మీరే రాయండి.