సున్నం కింది నల్లరాజు

అమ్మా,

నువ్వు పోయాక ఇది మూడో క్రిస్మస్. బాలయేసును చూడవచ్చిన ముగ్గురు రాజుల మట్టిబొమ్మల్లో ఒకదానికి అప్పట్లో నువ్వు ఆముదంలో కలిపిన మసి పూశావు. "ఎండల అంత దూరం వచ్చినోడు తెల్లగెట్లుంటడు?" అన్నావు. పాదిరిగారు మండిపడి నాచేత సున్నం వేయించారు. పాపం చేశానేమోనని చివరిదాకా కుమిలిపోయావు.

ఈ ఏడు రాజావారి దసరా రథం తిరిగిన నెలలోనే మన జగదల్‌పూర్‌కు సీమ నుంచి కొత్త పాదిరి వచ్చారు. నిన్న బొమ్మలు చూసి, "ఇందులో నల్లరాజు ఏడీ? మా దేశంలో ఒకరిని ఆఫ్రికా రాజని నల్లగానే చేస్తాం" అన్నారు.

నా ప్రాణం తేలికపడింది. తడిగుడ్డతో సున్నం తుడిచాను. నీ మసి నిగనిగలాడుతూ బయటపడింది.

"ఇలా పూయాలని ఎవరు చెప్పారు?" అన్నారాయన.

"ఎవ్వరు చెప్పలేదండి. మా అమ్మకు ఎండంటే ఎరుక" అన్నాను.