రాడార్ మీది బొట్టు

సూర్యాపేట కార్ల షోరూమ్ సర్వీస్ మేనేజర్ గారికి నమస్కారం.

ముందు బండికి మరీ దగ్గరైతే మోగి హెచ్చరిస్తుందని మీరు చెప్పి అమ్మిన కారు, మొన్న సూర్యాపేట మీదుగా కోదాడ వెళ్తుంటే మోగలేదు. మునగాల దగ్గర ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. పక్క సీట్లో ఉన్న మా అమ్మ "లారీ ఆగింది, తొక్కురా బ్రేకు!" అని అరిచింది. జానెడు దూరంలో ఆగాం.

మీ మెకానిక్ వచ్చి చూశాడు. అమ్మ ప్రతి శుక్రవారం కారు ముందు మందంగా పెట్టే పసుపు, కుంకుమ ముందు బండిని పసిగట్టే రాడార్‌ను మూసేశాయన్నాడు. తుడుస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. "గా బొట్టు ఉండబట్టే బతికినం" అంటోంది.

కాబట్టి రాడార్‌ను కొంచెం పక్కకు జరపగలరేమో చూడండి. బొట్టు మాత్రం నడుమనే ఉండాలట. అప్పటిదాకా అమ్మ లేకుండా కారు బయటికి తీయను.

ఇట్లు,
మిర్యాలగూడ రైస్‌మిల్లు యజమాని